మూత కింద మీగడ కనిపించగానే ఇంజన్ విప్పించకండి

ఆయిల్ పోసే మూత తీస్తే అడుగున తెల్లటి జిడ్డు ఉందని, మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ పోయిందంటున్నాడని అడిగారు. అది ఇంజన్ పైభాగానికి (హెడ్), కింది భాగానికి మధ్య ఉండే పల్చటి పొర; పోతే ఇంజన్ని చల్లబరిచే నీళ్లు ఆయిల్లో కలవొచ్చు. రోజుకు బండి ఎంత దూరం తిరుగుతుందో మాత్రం రాయలేదు. అసలు సంగతి అక్కడే ఉంది.

నాది నెల్లూరు. దర్గామిట్ట నుంచి ట్రంకు రోడ్డులో షాపు దాకా, మళ్లీ ఇంటికి. అంతే నా పెట్రోలు కారు తిరుగుడు. ఒక కార్తీక మాసం, వారం రోజులు ముసురు. మూత తీస్తే కాఫీ మీద మీగడలాంటిది. మెకానిక్ చూడగానే "హెడ్ దించాలి సార్, ఇరవై వేలు" అన్నాడు. రాత్రంతా టెన్షన్.

పొద్దున మా పెదనాన్న వచ్చాడు. ముప్పై ఏళ్లు మద్రాసు లైన్లో లారీ తోలిన మనిషి. ఆయిల్ కడ్డీ లాగి, తుడిచి, మళ్లీ ముంచి వెలుతురుకు పట్టి చూశాడు. కూలెంట్, అంటే ఆ చల్లబరిచే నీళ్ల డబ్బా చూశాడు, గీత దగ్గరే ఉంది. స్టార్ట్ చేయించి, వేడెక్కినాక సైలెన్సర్ వెనక నిలబడ్డాడు. తెల్ల పొగ లేదు. "ఏందబ్బయా, నీళ్లు తగ్గకుండా గ్యాస్కెట్ ఎట్టా పోద్ది? బండికి చెమట పట్టింది. కావలి దాకా పోయిరా" అన్నాడు.

లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. చాలావరకు సైలెన్సర్లోంచి పోతుంది, కొంచెం పిస్టన్ రింగులు దాటి కింద ఆయిల్ ఉన్నచోటికి దిగుతుంది. చల్లటి మూత కింద ఆయిల్‌తో కలిసి మీగడయ్యేది అదే. ఆయిల్ బాగా కాగితే ఆ తడి ఎగిరిపోతుంది. రెండు కిలోమీటర్లకు ఏం కాగుతుంది? మీటర్లో ముల్లు మధ్యకొచ్చినా అది కూలెంట్ వేడి, ఆయిల్‌ది కాదు.

మా ఎదురింటాయన రోజూ పది నిమిషాలు బండిని నిలబెట్టి ఆన్‌లో ఉంచుతాడు, వేడెక్కాలట. ఇంజన్ సంగతేమో గానీ పొగంతా మా వంటింట్లోకి. దానివల్ల తడి పోదు, ఇంకా చేరుతుంది.

అండర్‌బ్రిడ్జి నీళ్లలో ఆగిన బండి కథ వేరు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవేనే తెగినప్పుడు మా వీధిలో ఒకాయన మునిగిన కారుకు సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్లో చేరిన నీళ్లకు పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగింది. అలాంటప్పుడు తాళం ముట్టుకోవద్దు, తోయించుకు పోవాలి.

నేను మూత గుడ్డతో తుడిచి కావలి పోయొచ్చాను, రానూపోనూ నూరు కిలోమీటర్ల పైమాటే. మర్నాడు చూస్తే మూత శుభ్రం. ఆయిల్ మాత్రం ఇప్పుడు కిలోమీటర్లు చూడకుండా ఆరు నెలలకోసారి మారుస్తున్నాను. మీరూ కూలెంట్ గీత ఒక వారం గమనించండి. అది తగ్గుతుంటే, కడ్డీ మీద ఆయిల్ కూడా పాలలా ఉంటే అప్పుడు మీ మెకానిక్ మాట నిజం.

నెల తర్వాత మా మెకానిక్ ఎదురుపడి, "హెడ్ ఎక్కడ చేయించారు సార్?" అన్నాడు. కావలిలో అన్నాను.