మేరీవిల్‌లో ఎంఎస్ సీటు వచ్చింది, ఆ నోడవే కౌంటీ ఎలా ఉంటుంది?

తమ్ముడికి మిస్సోరిలోని మేరీవిల్‌లో సీటు వచ్చిందని, మ్యాప్‌లో చుట్టూ పొలాలే కనిపిస్తున్నాయని, అక్కడ అసలు మనుషులుంటారా అని అడిగారు. నేను చదివింది అక్కడే. మనుషులు ఉంటారు, కాకపోతే తక్కువ. ఎందుకు తక్కువో తెలిస్తే మీ టెన్షన్ కొంత తగ్గుతుంది.

మిస్సోరి రాష్ట్రానికి వాయవ్య మూలన, ఐయొవా రాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉంటుంది మేరీవిల్ ఉన్న నోడవే కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). విస్తీర్ణం దాదాపు 2,270 చదరపు కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ జిల్లాకు పది రెట్లు. 2020 లెక్కల ప్రకారం జనాభా 21,241. అందులో సగం, 10,633 మంది, మేరీవిల్‌లోనే ఉంటారు. మిగతావి చాలావరకు కొన్ని వందల మంది ఉండే చిన్న ఊళ్లు.

1900లో ఇదే కౌంటీలో 32,938 మంది ఉండేవారు. అప్పట్లో గుర్రాలతో దున్నే కుటుంబానికి 160 ఎకరాలంటే చేతినిండా పని. ట్రాక్టర్లు, హార్వెస్టర్లు వచ్చాక ఒక్క కుటుంబమే వేల ఎకరాలు సాగు చేయగలుగుతోంది. మిగిలినవాళ్ల పిల్లలు కాన్సస్ సిటీకో, ఒమాహాకో వెళ్లిపోయారు. పిల్లలు చాలక బడులు కలిపేశారు. అందుకే అక్కడి స్కూళ్లకు ఊరి పేర్లకు బదులు వెస్ట్ నోడవే, నార్త్‌ఈస్ట్ నోడవే లాంటి పేర్లుంటాయి. ఏ ఊరి బడి ఆ ఊరికి లేకుండా పోవడం అక్కడి పెద్దవాళ్లకు ఇప్పటికీ బాధే.

ఈ నేల మొదట ఐయొవే, సాక్, ఫాక్స్ తెగలది. 1836లో అమెరికా ప్రభుత్వం తరఫున విలియం క్లార్క్ అనే అధికారి వాళ్లతో ఒప్పందం చేయించి, 7,500 డాలర్లకు ఇప్పుడు ఆరు కౌంటీలున్న ప్రాంతమంతా రాయించుకున్నాడు. దాన్నే ప్లాట్ పర్చేజ్ అంటారు. వాళ్లను మిస్సోరి నది అవతలికి పంపేశారు. ఇంత మంచి నల్లమట్టి అంత తక్కువకు పోయిందంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు. 1845లో కౌంటీ ఏర్పడింది. అప్పటి కౌంటీ క్లర్క్ భార్య మేరీ గ్రాహం పేరే మేరీవిల్‌కు పెట్టారు.

కౌంటీని ఇప్పుడు నిలబెడుతున్నది మేరీవిల్‌లోని నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్ యూనివర్సిటీయే అని నా నమ్మకం. 1905లో టీచర్ల శిక్షణ కోసం పెట్టిన కాలేజీ అది. ఇప్పుడు కంప్యూటర్ కోర్సులకు మన పిల్లలు బాగా వెళ్తున్నారు కాబట్టి తమ్ముడికి తెలుగు మాటకు కరువుండదు.

నేల చదునుగా ఉంటుందనుకుంటారు గానీ, మెల్లగా లేచి పడుతూ ఉంటుంది. నోడవే, ప్లాట్, వన్ హండ్రెడ్ అండ్ టూ (నిజంగా నది పేరే అది) నదులు దక్షిణానికి పారతాయి. మొక్కజొన్న, సోయా, పశువులు. పల్లె రోడ్లు చాలావరకు మైలుకొకటి చొప్పున గళ్లు గీసినట్టు ఉంటాయి, ఎక్కువ కంకర రోడ్లే. ఆగస్టులో మొక్కజొన్న మనిషిని మించి పెరుగుతుంది, కూడళ్లలో పక్కనుంచి వచ్చే బండి కనబడదు. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లకు ఇది తప్పకుండా చెప్పాలి.

నెట్‌లో వెతికితే స్కిడ్‌మోర్ అనే ఊళ్లో 1981లో జరిగిన హత్య గురించే ఎక్కువ కనిపిస్తుంది. దాన్ని చూసి భయపడకండి. నాకు తెలిసిన కౌంటీ అంటే కన్సెప్షన్ ఆబీ. స్విట్జర్లాండ్‌లోని ఎంగెల్‌బర్గ్ నుంచి వచ్చిన బెనెడిక్టైన్ సన్యాసులు 1873లో పొలాల మధ్య స్థాపించిన మఠం అది. లోపలి గోడల మీది చిత్రాలు చూసి తీరాలి, తమ్ముణ్ణి ఒక ఆదివారం వెళ్లమనండి.

చలికాలం గాలి చాలా కఠినంగా ఉంటుంది. మంచి జాకెట్, బూట్లు అక్కడికి వెళ్లాకే కొనుక్కోమనండి. పెద్ద ఇండియన్ షాపులకైనా, విమానాశ్రయానికైనా కాన్సస్ సిటీ వైపే వెళ్లాలి, కారులో గంటన్నర పైన పడుతుంది. మొదటి సెమిస్టర్‌లోనే లైసెన్స్ తీసుకుంటే సీనియర్ల కారు కోసం ఎదురుచూసే పని తప్పుతుంది.