పాత కాలనీలో కొత్త ఇల్లు: పక్కింటి గోడ నుంచే పర్యవేక్షణ

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక పాత కాలనీలో మా నాన్నగారు 1978లో కట్టిన ఇల్లు ఉంది. దాన్ని తీసేసి, ఆ 400 గజాల స్థలాన్ని పంచుకొని, నేనూ మా తమ్ముడూ చెరొక ఇల్లు కట్టుకోవాలని నిశ్చయించుకున్నాము. తమ్ముడు పుణెలో ఉద్యోగం చేస్తున్నందువల్ల రెండు ఇళ్ళ పర్యవేక్షణా నాదే. ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసిన నాకు నిర్మాణపు పనులు తెలియవు. తూర్పు వైపు పక్కింటివారి వంటగది గోడ మా హద్దుకు రెండడుగుల దూరంలోనే ఉంది. నలభై ఏళ్ళుగా మాకు ఆత్మీయులైన వారు, పునాదులు తవ్వితే తమ గోడ ఏమవుతుందోనని ఇప్పటి నుంచే దిగులు పడుతున్నారు. నేను ఏమేమి చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ పొరుగువారి దిగులు సహేతుకమైనదే. ఖాళీ లేఅవుట్‌లో కట్టేటప్పుడు మన హద్దు లోపల చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. నలువైపులా జనం కాపురముంటున్న చోట హద్దు అవతలి నేల కూడా మన పనిలో భాగమవుతుంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (పక్క స్థలాలపై ఉండే అనుభవ హక్కుల చట్టం), పక్క స్థలం నుంచి తన నేలకు సహజంగా అందే ఆసరాను ప్రతి భూయజమానికీ హక్కుగా గుర్తించింది. ఇరవై ఏళ్ళపాటు అడ్డంకి లేకుండా అనుభవిస్తే భవనానికి అందే ఆసరా, గాలి, వెలుతురు కూడా హక్కులుగా స్థిరపడే వీలుంది.

అందుచేత మొదటి పని పాత ఇల్లు పడగొట్టక ముందే చేయండి. వారి అనుమతితో, మీ ఇంజినీరును వెంటబెట్టుకొని వెళ్ళి, మీ వైపున్న వారి గోడలను, గచ్చును, ప్రహరీని తేదీతో సహా ఫొటోలు తీయించండి. ఇప్పటికే ఉన్న బీటల పొడవు, వెడల్పు రాసి, ఇరువురూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకోండి. ఆత్మీయుల దగ్గర కాగితాలేమిటని మీకు సంకోచం కలగవచ్చు. కానీ ఈ కాగితం లేని చోటనే, పాత బీటో కొత్త బీటో తేలక, మాటలు ఆగిపోయిన ఇళ్ళను నేను చూశాను. ప్రహరీ ఉమ్మడిదైతే దాన్ని తాకే ముందు కూడా రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి.

అనుమతి విషయానికి వస్తే, మీ స్థలం 500 చదరపు మీటర్ల లోపే కనుక, ఇంటి ఎత్తు 10 మీటర్లు దాటకపోతే 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం (తెలంగాణ భవన అనుమతుల చట్టం) ప్రకారం స్వీయ ధ్రువీకరణపై అనుమతి వస్తుంది. సులువుగా వచ్చే ఈ అనుమతిలో బాధ్యత బరువైనది: ప్లానును అతిక్రమించిన కట్టడాన్ని నోటీసు ఇవ్వకుండానే తొలగించే అధికారం ఆ చట్టంలో ఉంది. పంపకాన్ని రిజిస్టరు చేయించి, ఒక్కొక్క ఇంటికి విడిగా ప్లాను తీసుకోండి. ముగ్గు పోసే రోజున మీరే దగ్గరుండి, వదలవలసిన ఖాళీలను హద్దురాళ్ళ నుంచి టేపు పెట్టి కొలిపించండి.

అసలు జాగ్రత్త అంతా తవ్వకంలో ఉంది. ఆ కాలపు ఇళ్ళకు చాలావరకు రాతి కట్టుడు పునాదులే కాబట్టి, వారి పునాది ఎంత లోతున నిలిచి ఉందో ముందుగా తెలియాలి. వారు ఒప్పుకుంటే వారి వైపు ఒక చిన్న గొయ్యి తీయించి చూడవచ్చు. వారి పునాది అడుగు కన్నా మీ గొయ్యి ఎంత లోతుకు దిగుతుందో, కనీసం అంత దూరమైనా వారి పునాది అంచు నుంచి ఎడంగా ఉండాలి. అంత చోటు లేకపోతే, ఆ వైపు గోతులన్నీ ఒకేసారి జేసీబీతో తీయనివ్వకుండా, ఒకటి విడిచి ఒకటి మనుషుల చేత తవ్వించి, కాంక్రీటు వేసి, మట్టి పూడ్చి దిమ్మిస చేయించిన తరువాతే పక్కదానికి వెళ్ళమనండి. గొయ్యి 1.5 మీటర్ల లోతు దాటితే పక్కలకు దన్ను పెట్టడం పని చేసే కూలీల ప్రాణాలకు కూడా అవసరం. వానలు మొదలయ్యాక గోతులు తెరిచి ఉంచవద్దు. నీటి సంపును ఆ గోడకు దూరంగా పెట్టించండి. హైదరాబాద్ నేలలో బండ తగలడం మామూలే. తగిలితే పేలుళ్ళకు ఒప్పుకోకండి. రంధ్రాలు వేసి, ఉబ్బి రాతిని చీల్చే రసాయన పొడిని పోసే పద్ధతి నెమ్మదైనదైనా పక్కింటిని అదరనివ్వదు.

పైకి లేచిన తరువాత మీరు చూడవలసినవి కొన్నే. కాంక్రీటు పోసే ముందు కవర్ బ్లాకులు (ఇనుప చువ్వలు అంచుకు తగలకుండా పెట్టే చిన్న దిమ్మలు) ఉన్నాయో లేదో చూడండి. వాటి మందం ఫుటింగుకు (పిల్లరు కింది పునాది దిమ్మకు) 50, పిల్లరుకు 40, స్లాబుకు 20 మిల్లీమీటర్లు. కాంక్రీటు పోసిన ప్రతిసారీ దానితోనే నమూనా ఘనాలు పోయించి, 28 రోజుల తరువాత పరీక్ష చేయించండి. స్లాబుపై మళ్ళు కట్టించి కనీసం పది రోజులు నీళ్ళు నిలపండి. స్లాబు కింది దన్నులను 4.5 మీటర్ల లోపు వెడల్పున్న గదులకు ఏడు రోజులు, అంతకన్నా పెద్ద గదులకు పద్నాలుగు రోజులు నిండక ముందు తీయకూడదు. పీపీసీ సిమెంటు (బూడిద వంటివి కలిపిన సిమెంటు) నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక మరి కొన్ని రోజులు ఆగడం మేలు. మేస్త్రి తొందర పడితే, ఇంజినీరు సంతకం చూసిన తరువాతే ఆ దశ బిల్లు ఇస్తానని మొదటే ఒప్పందంలో రాసుకోండి.

ఇసుక, కంకర వీధిలో కాక మీ స్థలంలోనే పోయించండి. రెండు ఇళ్ళు ఒకేసారి మొదలుపెడితే అందుకు చోటు మిగలదు. ఒకదాని పునాదులు పూర్తయ్యాక రెండవది మొదలుపెట్టడం మంచిది. పాత ఇంటి శిథిలాలను నాలాల్లో పోయనివ్వకుండా, జీడిమెట్ల, ఫతుల్లగూడలలో ఉన్న శుద్ధి కేంద్రాలకు చేరేలా చూడండి. మీ నాన్నగారు పెట్టించిన ద్వారబంధాలు టేకువైతే వాటిని మాత్రం పోనివ్వకండి, రెండు ఇళ్ళకూ పనికివస్తాయి.

ప్రశ్న: మా పక్క స్థలంలో కొత్త ఇల్లు కడుతున్నారు. రాత్రి పదకొండు దాకా మిక్సర్ మోత. పునాదులు తవ్వాక మా పడకగది కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట వచ్చింది. అది ప్లాస్టరు బీటేనని మేస్త్రి అంటున్నారు.
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: మోత సంగతి తేలికగా తేలుతుంది. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్దం చేసే నిర్మాణ యంత్రాలను నడపకూడదు. ముందు యజమానికి చెప్పి, వినకపోతే పోలీసులకు ఫిర్యాదు చేయండి.

బీటను మాత్రం తేలికగా తీసుకోకండి. ప్లాస్టరు బీటలు సన్నగా, సాలెగూడులా ఉంటాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయేది పునాది కుంగడానికి సూచన కావచ్చు. బీటకు అడ్డంగా సన్నని గాజు పట్టీని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రెండు చివరలా అతికించి, పక్కన తేదీ రాయండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టే. అప్పుడు మేస్త్రితో వాదించకుండా, ఫొటోలతో యజమానికి, వారి ఇంజినీరుకు రాతపూర్వకంగా తెలిపి, మీ వైపు తవ్వకం ఆపి గోతులు పూడ్చమని కోరండి. ఆ ప్రతినే వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకోండి. బీట పూడ్చడానికి తొందరపడవద్దు. వారి పునాదుల పని ముగిసి, మట్టి పూడ్చి, ఒక వానకాలం గడిచాక కూడా గాజు చెక్కుచెదరకుండా ఉంటే, అప్పుడు పూడ్పించండి.