స్టేషన్ పక్కన రాబోయే టవర్‌లో 36 లక్షలు కట్టమంటున్నారు, కట్టనా?

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 61, ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. పీఎఫ్, గ్రాట్యుటీ, ఊళ్లో అమ్మిన అర ఎకరా డబ్బు అంతా కలిపి చేతిలో 45 లక్షలు ఉంది, పెన్షన్ నెలకు 4 వేలు కూడా దాటదు. రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో 24 అంతస్తుల 'ఇన్నోవేషన్ డిస్ట్రిక్ట్' (కంపెనీలు, స్టార్టప్‌లు, కాలేజీలు ఒకేచోట ఉండే ప్రాంతం) వస్తోందనీ, అందులో 450 అడుగుల ఆఫీసు స్థలం ప్రీలాంచ్ రేటుకు 36 లక్షలకే ఇస్తున్నారనీ, మొత్తం ఒకేసారి కడితే బిల్డింగ్ పూర్తయ్యేదాకా నెలకు 24 వేలు అద్దె ఇస్తారనీ మేనల్లుడు చెప్పాడట. లక్ష రూపాయలు టోకెన్ ఇచ్చేశారు. మిగతాది నెలాఖరులోపు కట్టాలట. కట్టమంటారా అని అడిగారు.

వద్దు అన్నా, కట్టొద్దు. నెలాఖరు టెన్షన్‌లో ఉన్నారు కాబట్టి ముందు ఆ మాట చెప్పేశాను, ఎందుకో ఇప్పుడు చెప్తాను.

అసలు కట్టని బిల్డింగ్‌లో అద్దెకు ఎవరుంటారు? ఎవరూ ఉండరు. మరి ఆ 24 వేలు ఎక్కడి నుంచి వస్తాయి? మీరిచ్చిన 36 లక్షల్లోంచే వస్తాయి. ఐదేళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా ఇచ్చినా 14 లక్షల 40 వేలు, అంటే మీ సొమ్ములోంచే కొంచెం కొంచెంగా మీ చేతికి తిరిగొచ్చినట్టు, మిగిలిన డబ్బుతో వాళ్లు ఏం కడతారో, ఎప్పుడు కడతారో మీ చేతుల్లో ఉండదు. ఇలాంటి స్కీములోనే డబ్బు పెట్టి నా దగ్గరికొచ్చిన ఒక దంపతులకు మొదట ఏడు నెలలు ఠంచనుగా అద్దె పడింది, ఎనిమిదో నెల నుంచి ఫోన్ ఎత్తేవాళ్లే లేరు. ఆ పెద్దావిడ నా ముందు కూర్చుని పాస్‌బుక్కులో ఆ ఏడు ఎంట్రీలు వేలితో చూపించడం నాకింకా కళ్లముందే ఉంది.

మీ మేనల్లుడు చెప్పేవన్నీ అబద్ధాలని నేననడం లేదు. స్టేషన్‌ను కొత్తగా కడుతున్న మాట నిజం. స్టార్టప్‌లకు సాయం చేయడానికి రాష్ట్రంలో పెట్టిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రాంతీయ కేంద్రాలకు ఎంచుకున్న ఊళ్లలో తిరుపతి ఉండటం నిజం, ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ ఉండటమూ నిజమే. కానీ వీటి పక్కన ఒక ప్రైవేటు టవర్ బొమ్మ వేసి బ్రోషర్ అచ్చేసినంత మాత్రాన అది లేచి నిలబడదు. లండన్‌లో కింగ్స్ క్రాస్ స్టేషన్ వెనక 67 ఎకరాల్లో ఇలాంటిదే వచ్చింది, బాగా నడిచింది కూడా, గూగుల్ అక్కడికే వెళ్లింది. దానికి అనుమతి వచ్చింది 2006లో, ఆర్ట్ కాలేజీ ఒకటి అక్కడికి మారింది 2011లో. అన్నేళ్లు ఓపికపట్టింది పెద్ద పెద్ద కంపెనీలు. అంతదూరం ఎందుకు, మన ఊళ్లో శ్రీనివాస సేతుకు 2019లో పునాదిరాయి వేస్తే పూర్తిగా తెరిచింది 2023 సెప్టెంబరులో. అది ప్రభుత్వం కట్టిన ఫ్లైఓవర్. మీకు మాత్రం కావాల్సింది వచ్చే నెల ఖర్చులకు డబ్బు.

పోనీ అంతా సవ్యంగానే జరుగుతుందనుకుని లెక్క వేద్దాం. 36 లక్షలతో అయిపోదు. కడుతున్న కమర్షియల్ స్థలానికి జీఎస్టీ మామూలుగా 12 శాతం పడుతుంది, అంటే 4 లక్షల 32 వేలు. రిజిస్ట్రేషన్, స్టాంపు ఖర్చులు ఏడున్నర శాతం చొప్పున 2 లక్షల 70 వేలు. మొత్తం 43 లక్షలు దాటింది, అంటే మీ దగ్గరున్న డబ్బు దాదాపు అంతా. దానిమీద ఏడాదికి వచ్చేది 2 లక్షల 88 వేలు, ఏడు శాతం కూడా లేదు.

అదే మీరు పోస్టాఫీసుకు వెళ్లి సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 30 లక్షలు వేస్తే 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, నెలకు 20,500 పడినట్టు. మంత్లీ ఇన్‌కమ్ స్కీములో 9 లక్షలు వేస్తే 7.4 శాతం చొప్పున నెలకు 5,550. రెండూ కలిపితే 26 వేలు దాటింది, ఆ బ్రోషర్ ఇస్తానన్న దానికంటే ఎక్కువే, పైగా అసలు ఎక్కడికీ పోదు. ఇంకా 6 లక్షలు చేతిలో ఉంటుంది, దాన్ని ఆసుపత్రి ఖర్చులకని బ్యాంకులో ఎఫ్‌డీ వేసి పెట్టండి. సీనియర్ స్కీము ఐదేళ్లు, మధ్యలో తీస్తే కొంత కోత ఉంటుంది. వడ్డీ మీద పన్ను లెక్క కూడా ఉంటుంది, అయితే మీ ఆదాయానికి అది పెద్ద సమస్య కాదు.

ఇక కాగితాల సంగతి. 2016 రెరా చట్టం (బిల్డర్ల నుంచి కొనేవాళ్లను కాపాడే చట్టం) ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో కట్టే ప్రాజెక్టుకు రెరా నంబర్ రాకముందు బుకింగ్ తీసుకోకూడదు, ప్రకటన కూడా వేయకూడదు. నంబర్ వచ్చాక కూడా రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు, మీ విషయంలో అది 3 లక్షల 60 వేలు. వాళ్లేమో 36 లక్షలూ ఒకేసారి అడుగుతున్నారు! ఆ ఒక్కటి చాలు నాకు. అదీగాక అక్కడ స్థలం ఎవరిదో చూడాలి. రైల్వేదైతే లీజుకే ఇస్తారు, మీ పేరున సొంత హక్కు రాదు. మన వైపు మఠం భూములు, దేవాదాయ భూములు, ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టాలు ఎంత చిక్కో మీకు నేను చెప్పాలా? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్వే నంబర్ ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ జాబితాలో ఉందేమో అడగండి, ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ తీయించండి. 24 అంతస్తులంటే ఫైర్ అనుమతి కావాలి, రేణిగుంట ఎయిర్‌పోర్టు ఉంది కాబట్టి ఎత్తుకు కూడా అనుమతి కావాలి. ఇవి చూపించమని అడిగితే 'ప్రాసెస్‌లో ఉంది' అంటారు చూడండి.

మీకు అక్కడ ఆఫీసు స్థలం కొనాలనే ఆశ ఉంటే తప్పేం లేదు. టవర్ పూర్తయి, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చి, కింద అద్దెకు మనుషులు దిగాక కొనండి. అప్పుడు రేటు ఎక్కువే ఉంటుంది, కానీ జీఎస్టీ ఉండదు, అద్దె ఎంతొస్తుందో కళ్లతో చూసి కొంటారు.

టోకెన్ లక్ష గురించి. మేనల్లుడితో గొడవ పెట్టుకోవద్దు, అతనికి కమీషన్ ఉండొచ్చు, మంచి అవకాశమని నిజంగా నమ్మి కూడా చెప్పి ఉండొచ్చు. 'రెరా నంబర్ వచ్చాక ఆలోచిస్తాను, అప్పటిదాకా లక్ష వెనక్కి ఇప్పించు' అని చెప్పండి. అదే మాట కంపెనీకి ఉత్తరంగా స్పీడ్ పోస్టులో పంపండి, టోకెన్ రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు జిరాక్సులు జతచేసి మీ దగ్గరా ఒక సెట్ ఉంచుకోండి. ఇవ్వకపోతే ఏపీ రెరాకు ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. ఆ ఉత్తరం ఈ వారమే పంపండన్నా, నెలాఖరు దాకా ఆగొద్దు.