ఇంట్లో అందరికన్నా తక్కువే తింటున్నా బరువెందుకు పెరుగుతుంది? నా అనుభవం

ఎకాండ్రోప్లేసియా (ఎముకలు సరిగా ఎదగక చేతులూ కాళ్లూ పొట్టిగా ఉండే, పుట్టుకతో వచ్చే స్థితి) ఉంది, ఇంట్లో అందరికన్నా తక్కువే తింటున్నా పొట్ట పెరుగుతోంది, డాక్టరు బీఎమ్ఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) చూసి ఒబేసిటీ అన్నారు, మెటబాలిజం (ఒళ్లు తిండిని ఖర్చుచేసే తీరు) చెడిపోయిందా అని మీరు రాసి అడిగారు. ఆరేళ్ల కిందట నేనూ అచ్చం ఇదే అడిగాను. నాదీ ఎకాండ్రోప్లేసియానే, 122 సెంటీమీటర్లు. అప్పుడు 46 కిలోలు ఉండేదాన్ని.

ముందు ఆ బీఎమ్ఐ సంగతి. నాకు 30.9 వచ్చింది. అది 25కి దిగాలంటే నేను 37 కిలోలకు రావాలి. మనకు పొట్టిగా ఉండేవి చేతులూ కాళ్లూ. మొండెం దాదాపు అందరిలాంటిదే, తల ఇంకాస్త పెద్దది. అంత మొండెం బరువును ఇంత చిన్న ఎత్తు వర్గంతో భాగిస్తే అంకె పెరగక ఏమవుతుంది? నడుము ఎత్తులో సగం దాటకూడదనే సూత్రమూ అంతే. ఆ లెక్కన నా నడుము 61 సెంటీమీటర్లు ఉండాలి, అది బడిపిల్ల కొలత! ఎకాండ్రోప్లేసియా ఉన్నవాళ్ల కోసమే తయారుచేసిన ఎత్తు-బరువు చార్టులు ఉన్నాయి, వాటితో పోల్చి చూడమని డాక్టరును అడగండి.

అలాగని నా బరువు సరిగ్గానే ఉందని కాదు. అంకె తప్పే గానీ పొట్ట నిజం.

ఇక తిండి. మా అమ్మ నాకూ అన్నయ్యకూ ఒకే గరిటెతో వడ్డించేది. పొట్టిదాన్నని తక్కువ పెట్టినట్టు ఉండకూడదని ఆవిడ పట్టుదల. పెద్దయ్యాక నేనే తగ్గించుకున్నాను, అన్నయ్య తినేదాంట్లో ముప్పావు వంతు తినేదాన్ని. చాలా తక్కువనే అనుకున్నాను. డైటీషియన్ మామూలుగా వాడే సూత్రంలో నా ఎత్తు, బరువు, వయసు వేస్తే, ఊరికే పడుకుని ఉన్నా ఒంటికి అయ్యే ఖర్చు రోజుకు సుమారు 880 కేలరీలని తేలింది. అది సగటు ఎత్తు మనుషుల కోసం చేసిన సూత్రం కాబట్టి ఆవిడ దాన్ని పూర్తిగా నమ్మలేదు. నెలన్నర పాటు తిన్నదంతా రాయించి, బరువు చూస్తూ సరిచేశారు. నా బరువు నిలకడగా ఉండేది రోజుకు 1250 కేలరీల దగ్గర. ఇది నా అంకె, మీది వేరుగా ఉంటుంది.

అంటే మెటబాలిజం చెడిపోలేదు. ఒళ్లు చిన్నది, ఖర్చు చిన్నది, అంతే. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలుంటాయి. పొడుగువాళ్లకు అది లెక్కలోకే రాదు, నాకు రోజు మొత్తంలో పదోవంతు. ఇంకో చిక్కు కూడా ఉంది. మొత్తం తిండి తగ్గినా ప్రొటీన్, ఐరన్, కాల్షియం సరిపడా అందాల్సిందే. అందుకే తీపి, వేపుళ్లు నాకు అక్షరాలా ఖరీదైనవి. నేను చేసింది పెద్దేమీ లేదు, చిన్న కంచం కొనుక్కుని సగం కూరగాయలతో నింపడం, నూనె సీసాతో ఒంపకుండా చెంచాతో కొలవడం. 42 కిలోలకు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. బీఎమ్ఐ ఇప్పటికీ 28 చూపిస్తోంది, నేను దాన్ని చూడటం మానేశాను.

వ్యాయామమంటే నాకు ఈత. గెంతడాలు, బరువులెత్తి వెన్ను మీద భారం వేసే పనులు వద్దన్నారు, వెన్నుపాము పోయే దారి మనకు పుట్టుకతోనే ఇరుకు కదా. వదినతో కలిసి అదే దారిలో నడిస్తే ఆమె ఫోన్‌లో 6,000 అడుగులు, నా ఫోన్‌లో 9,000 దాటాయి. అది చూసి ఆ రోజు ఎక్కువ తినేశాను కూడా! అడుగులు చిన్నవి, దూరం ఒకటే. అడుగుల లెక్కతో తిండి కొలవకండి.

షుగరు గురించి భయపడుతున్నారేమో. ఎకాండ్రోప్లేసియా పిల్లల మీద ఫ్రాన్స్‌లో చేసిన పరిశోధనలో, పొట్ట దగ్గర కొవ్వు చేరినా రక్తంలో చక్కెర మామూలుగా ఒబేసిటీలో పెరిగినట్టు పెరగలేదని తేలింది. అలాగని పరీక్షలు మానకండి. బీపీ మాత్రం తప్పకుండా చూపించుకోండి, అదీ సరైన పట్టీతో. మన పొట్టి పైచేతికి పెద్దల పట్టీ సరిగా కూర్చోదు, నాకు ముంజేతి మీద చూస్తారు.

మీది ఎకాండ్రోప్లేసియా అని రాశారు కాబట్టి ఇదంతా చెప్పాను. గ్రోత్ హార్మోన్ లోపం వల్లో థైరాయిడ్ వల్లో పొట్టిగా ఉన్నవాళ్లకు బరువు కథే వేరు, వాళ్లు దీన్ని పట్టుకోవద్దు.

ఇంకోటి. కాస్త దూరం నడవగానే కాళ్లు తిమ్మిరెక్కి, ముందుకు వంగితేనో గొంతుక్కూర్చుంటేనో తగ్గుతోందా? దాన్ని బరువు మీదికి నెట్టేసి ఊరుకోకండి, వెన్ను డాక్టరుకు చూపించండి. మూత్రం మీద పట్టు తప్పితే ఆ రోజే వెళ్లండి. గురక పెరిగి, పగలంతా మత్తుగా ఉంటే నిద్ర పరీక్ష అడగండి. నాకు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) బయటపడింది అలాగే. నిద్రలో ఊపిరికి సాయపడే మిషన్ పెట్టాక పొద్దున్నే ఈతకు లేచే ఓపిక వచ్చింది.