బల్బు మార్చే ముందు ఎర్త్ చూడండి
మీ బండి – మీ ప్రశ్న

ప్రశ్న: నమస్కారం సార్. మాది మదనపల్లె దగ్గర పల్లె. 2007 మోడల్ డీజిల్ పికప్‌లో టమోటా క్రేట్లు తోలుతుంటాను. తిరుగుడంతా ఎక్కువగా రాత్రి పూటే, వారానికి ఒకసారైనా భాకరాపేట ఘాట్ దిగి తిరుపతికి పోవాలి. కొన్నాళ్లుగా ఎడమ హెడ్‌లైటు పసుపుపచ్చగా, మసకగా వెలుగుతోంది, కుడివైపుది బాగానే ఉంది. ఎడమ ఇండికేటరు వేస్తే దాంతోపాటు ఆ హెడ్‌లైటు కూడా కొట్టుకుంటోంది. డిమ్‌లో పెట్టినా డాష్‌బోర్డులో హైబీమ్ నీలం దీపం సన్నగా కనిపిస్తోంది. బల్బు రెండుసార్లు మార్చాను, కొత్త బ్యాటరీ వేశాను, కాంబినేషన్ స్విచ్ కూడా మార్పించాను. ఇప్పుడు మొత్తం వైరింగ్ మార్చాలి, తొమ్మిది వేలు అవుతుందంటున్నారు. మార్పించమంటారా? అన్నట్టు, సంక్రాంతికి ముందు బండి ముందు భాగానికి టింకరింగ్, పెయింటింగ్ చేయించాను. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో.

జవాబు: మార్పించకండి. ఆ తొమ్మిది వేలు జేబులోనే ఉండనివ్వండి. చివర్లో గుర్తొచ్చి రాసిన ఆ పెయింటింగ్ మాటే మీ ఉత్తరం మొత్తంలో నాకు ముఖ్యంగా కనిపించింది.

మీ బండికి పోయింది ఎడమవైపు ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి పోయే దారి. పాత పికప్పుల్లో ఒక పక్కనున్న హెడ్‌లైటు, పార్కింగ్ లైటు, ఇండికేటరు మూడూ ఒకే బోల్టు దగ్గర బాడీకి ఎర్త్ తీసుకోవడం మామూలే. టింకరింగ్‌కు ఇచ్చినప్పుడు ఆ బోల్టు విప్పుతారు, రేకు సాపు చేస్తారు, పెయింట్ కొడతారు, మళ్లీ ఆ పెయింట్ మీదే లగ్గు (వైరు కొసనుండే లోహపు రింగు) పెట్టి బిగిస్తారు. మొదట్లో బోల్టు మరల దగ్గర ఎక్కడో ఇనుము తగిలి పని జరిగిపోతుంది. రెండు వానలు పడి తుప్పు లోపలికి చేరాక కరెంటు వెనక్కి పోవడానికి దారి ఉండదు. పెయింట్ కొట్టినాయన పనిలో తప్పు పట్టడానికేం లేదు, అది ఆయన చూసే విషయం కాదు, బండి తెచ్చుకున్నాక మనమే చూసుకోవాలి.

నీలం దీపం ఎందుకు వెలుగుతోందో చెప్తాను, అది అర్థమైతే రేపు ఇంకో బండిలో కూడా మీరే పట్టుకోగలుగుతారు. మీ బండిలో ఉండేది మూడు పిన్నుల హెచ్4 బల్బు. లోపల రెండు ఫిలమెంట్లు, డిమ్‌కు 55 వాట్లది, హైబీమ్‌కు 60 వాట్లది, రెండింటికీ ఎర్త్ పిన్ను మాత్రం ఒక్కటే. ఆ ఎర్త్ తెగినప్పుడు డిమ్ ఫిలమెంట్‌లోకి వచ్చిన కరెంటు ఆగిపోదు, పక్కనున్న హైబీమ్ ఫిలమెంట్ గుండా వెనక్కి తిరిగి హైబీమ్ వైరులోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి కుడివైపు బల్బులోని హైబీమ్ ఫిలమెంట్ గుండా పోయి ఆ పక్క ఎర్త్ పట్టుకుంటుంది. దారిలో డాష్‌బోర్డు నీలం దీపం కూడా ఉంది కాబట్టి అదీ సన్నగా వెలుగుతుంది. ఇంత చుట్టు తిరిగి వచ్చేసరికి ఎడమ బల్బుకు మిగిలే వోల్టేజి ఎంత? అందుకే ఆ పచ్చటి వెలుగు. కొత్త బల్బులు వేసినా అదే గతి.

ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు, రెండు మూడు వందలు పెట్టి ఒక మల్టీమీటర్ కొనుక్కోండి చాలు. బండి ఆపి, లైట్లు డిమ్‌లో వేసి ఉంచండి. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి నల్ల ప్రోబును (మీటరు వైరు చివరనున్న సూదిని) బ్యాటరీ నెగటివ్ దిమ్మకే పట్టండి, ఎర్ర ప్రోబును ఎడమ బల్బు వెనక తగిలించే హోల్డర్ ఎర్త్ పిన్నుకు వెనకవైపు నుంచి దూర్చి తగిలించండి. ఆ ఎర్త్ వైరు ఎక్కువగా నలుపే ఉంటుంది, అయినా రంగును నమ్మకుండా అది బాడీ బోల్టు దాకా పోతోందని కళ్లతో చూసుకోండి. అంతా బాగుంటే మీటరు 0.1 గానీ మహా అయితే 0.2 గానీ చూపించాలి. మీ బండిలో రెండు వోల్టులకు పైనే చూపిస్తుందని నా నమ్మకం. మీటరు చూశాక కూడా అనుమానం ఉంటే, లావుపాటి వైరు ముక్క ఒక చివర బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో చివర ఆ ఎర్త్ పిన్నుకు తగిలించండి. లైటు ఠక్కున తెల్లగా వెలిగితే ఇక వేరే పరీక్షే అక్కర్లేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. జపాన్ డిజైన్ మీద వచ్చిన కొన్ని బండ్లలో స్విచ్ ఎర్త్ వైపు పెట్టి ఉంటుంది. వాటిలో ఉమ్మడి పిన్నుకు వచ్చేది ఎర్త్ కాదు, పాజిటివ్. అలాంటి బండిలో ఈ వైరు ముక్క తగిలిస్తే షార్ట్ అయి ఫ్యూజు ఎగిరిపోతుంది. అందుకే ముందు మీటరుతో చూసి, 12 వోల్టుల దగ్గర్లో కనిపిస్తే అక్కడే ఆగండి.

బాగుచేసే పని కష్టమేం కాదు, ఓపిగ్గా చేయాలి అంతే. బ్యాటరీ నెగటివ్ విప్పి పక్కన పెట్టి, ఎర్త్ బోల్టు తీయండి. రేకు మీద రూపాయి బిళ్ల మేర పెయింట్ పోయి ఇనుము తళతళా మెరిసే దాకా ఎమరీ కాగితంతో గీకాలి. లగ్గు రెండు వైపులా గీకండి, వైరు కొసలో రాగి నల్లబడి ఉంటే ఆ ముక్క కోసేసి కొత్త లగ్గు వేయించండి. పళ్ల వాషరు పెట్టి గట్టిగా బిగించాక పైన వ్యాజిలైన్ పూయండి. అంతా చేశాక పూయాలి, ముందే పూసి బిగించకండి. వీలైతే ఆ బోల్టు నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఇంకొకటి లాగండి, నేనైతే పాత బండి ఏది వచ్చినా లాగుతాను.

మీ బండి గురించి ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక పాలవ్యానుకు హోల్డర్ ఊడదీసి మీటరు పెట్టి, 12.6 వోల్టులు వస్తోంది, వైరింగ్ బాగుంది, బల్బుదే తప్పు అని చెప్పి పంపించాను. మూడోరోజు ఆ వ్యాను మళ్లీ వచ్చింది. అప్పుడు మా మేస్త్రీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని హోల్డరు బల్బుకు పెట్టించి, లైటు వెలుగుతుండగా అదే చోట కొలిపించారు. తొమ్మిదిన్నర. మీకు డ్రిప్పు ఉంటే తెలుస్తుంది, పైపు ఎక్కడో మడత పడినా చివర బిరడా పెట్టి ఉన్నంత సేపు ప్రెషర్ నిండుగానే ఉంటుంది, బిరడా తీసి నీళ్లు పారనిస్తేనే మడత సంగతి బయటపడుతుంది. కరెంటూ అంతే. లైటు వెలుగుతున్నప్పుడు కొలిచిందే లెక్క.

పాజిటివ్ వైపు కూడా అలాగే, లైటు వేసే ఉంచి, ఒక ప్రోబు బ్యాటరీ పాజిటివ్‌కు, ఇంకోటి హోల్డర్ డిమ్ పిన్నుకు పట్టి చూడండి. అర వోల్టు లోపు ఉంటే వదిలేయండి. ఒకటిన్నర, రెండు ఉంటే అక్కడి నుంచి వెనక్కి వస్తూ కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), స్విచ్, ఫ్యూజు ఒక్కొక్కదానికీ అటూ ఇటూ కొలుచుకుంటూ పోండి, మింగేది ఎక్కడో దొరుకుతుంది. వోల్టేజి పదింట ఒక వంతు తగ్గితే వెలుగు పదింట ఒక వంతే తగ్గుతుందనుకుంటారు చాలామంది. కాదు, సుమారు మూడింట ఒక వంతు పోతుంది. ఘాట్‌లో మలుపు దగ్గర ఆ వంతు వెలుగే మనిషినీ గొడ్డునూ చూపించేది.

మీ బండిలో రిలే (చిన్న కరెంటు అందితే పెద్ద కరెంటును కలిపే స్విచ్) లేకపోతే ఎర్త్ అయ్యాక ఆ పని కూడా చేయించండి. రెండు బల్బులకూ కలిపి తొమ్మిది పది ఆంపియర్లు స్టీరింగ్ పక్కనున్న ఆ చిన్న స్విచ్ గుండానే పోతుంటుంది, పదేళ్లు దాటేసరికి లోపల రాగిబిళ్లలు కాలి నల్లబడతాయి. నాలుగు పిన్నుల 12 వోల్టుల రిలేలు రెండు కావాలి, డిమ్‌కు ఒకటి, హైబీమ్‌కు ఒకటి. 30వ పిన్నుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా కొత్త వైరు, 87 నుంచి బల్బులకు, 86కు పాత స్విచ్ వైరు, 85 ఎర్త్‌కు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. అప్పుడు స్విచ్ మోసేది పావు ఆంపియరు లోపే, కొత్తగా వేయించారు కాబట్టి అది చాలా ఏళ్లు నిలుస్తుంది.

ప్రశ్న: నిజాంపట్నం వైపు చేపల లోడు వేసే పాత పికప్ మాది. హైబీమ్ వేస్తే ఒక్కోసారి కిలోమీటరు, ఒక్కోసారి పది కిలోమీటర్లు పోయాక 15 ఆంపియర్ల ఫ్యూజు పోతోంది. 30 ఆంపియర్లది వేసుకోమంటున్నారు. వేయొచ్చా?

జవాబు: వద్దండీ, దయచేసి వేయకండి. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. ఫ్యూజు పోకపోతే వైరు కాలుతుంది, డాష్‌బోర్డు వెనక మంట లేస్తే లోడుతో సహా బండి పోతుంది.

ముందు బల్బు లోహపు అంచు మీద ఏం చెక్కి ఉందో చూడండి. 60/55 అని ఉంటే సరే. 100/90 అని ఉంటే దొంగ దొరికినట్టే, అవి రెండూ కలిసి హైబీమ్‌లో పదహారు ఆంపియర్లకు పైనే లాగుతాయి, 15 ఫ్యూజు ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? తీసేసి మామూలువి పెట్టండి.

బల్బులు మామూలువే అయితే వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది, కుదుపులకు ఒకసారి తగిలి ఒకసారి వదులుతుంది, అందుకే దూరం మారుతోంది. రెండు హెడ్‌లైట్ల హోల్డర్లూ ఊడదీయండి. పోయిన ఫ్యూజు స్థానంలో 21 వాట్ల ఇండికేటరు బల్బుకు రెండు వైర్లు కట్టి తగిలించి, హైబీమ్ వేసి, రేడియేటర్ పట్టీ దగ్గర నుంచి వైరింగును జానెడు జానెడు చొప్పున కదిలిస్తూ రండి. బల్బు భగ్గున వెలిగిన చోటే షార్ట్ ఉంది. ఫ్యూజులు దండగ కావు, వైరూ కాలదు. సముద్రం గాలికి, చేపల ఐసు నీళ్లకు కప్లర్లలో పచ్చటి చిలుము పడుతుంది, చెయ్యి ఎలాగూ పెట్టారు కాబట్టి అవి కూడా ఊడదీసి శుభ్రం చేయండి.

ప్రశ్న: ఖమ్మం నుంచి. మా పికప్‌లో లైటు చాలడం లేదు, ఎల్‌ఈడీ బల్బులు వేస్తే ఈ టెన్షన్ అంతా పోతుందంటున్నారు. మీరేమంటారు?

జవాబు: నేను వద్దంటాను. మీ అద్దం లోపలి గిన్నె సన్నటి ఫిలమెంట్ ఫలానా చోట ఉంటుందని లెక్కేసి చేసింది. అక్కడ వేరే ఆకారంలో వెలుగు పెడితే రోడ్డు మీద పడాల్సింది ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. ఎల్‌ఈడీ తక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి చెడిన ఎర్త్ మీద కూడా వెలుగుతుంది, లోపం బాగైనట్టు కనిపిస్తుందే గానీ తుప్పు అక్కడే ఉంటుంది. ముందు గిన్నె లోపల వెండి పూత నల్లబడిందేమో చూడండి, అలా ఉంటే హెడ్‌లైటు గిన్నెలు రెండూ మార్చండి. తరవాత పైన మదనపల్లె ఆయనకు చెప్పిన కొలతలు మీరూ తీసుకోండి.

ప్రశ్న: నెలకో బల్బు పోతోంది, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి. కారణం?

జవాబు: రెండు వైపులా పోతున్నాయంటే వోల్టేజి ఎక్కువ వస్తోందేమో చూడాలి. ఇంజిన్ కాస్త రేజ్ చేసి బ్యాటరీ దగ్గర కొలవండి, 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 15 దాటుతుంటే డైనమో రెగ్యులేటర్ చూపించండి, అలా వదిలేస్తే బ్యాటరీ నీళ్లు కూడా ఎండిపోతాయి. అది సరిగ్గానే ఉంటే బల్బు ఎలా పట్టుకుని బిగిస్తున్నారో గమనించుకోండి. హాలోజెన్ బల్బు గాజు మీద వేలిజిడ్డు అంటితే ఆ మచ్చ దగ్గర వేడి ఎక్కువై గాజు పాడవుతుంది. లోహపు అంచునే పట్టుకోండి, పొరపాటున చెయ్యి తగిలితే స్పిరిట్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఆరాకే పెట్టండి.