పాత వీ8 కారుకు కొత్త ఎగ్జాస్ట్: వైజాగ్ ఉప్పుగాలిలో ఏది నిలుస్తుంది?

పాత అమెరికన్ కార్లు, వాటి సైలెన్సర్ల గురించి విశాఖ పాఠకులు ఈమధ్య వరసగా రాస్తున్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఇంట్లో 1967 ఫోర్డ్ మస్టాంగ్ ఉంది. 289 ఘనపు అంగుళాల వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు) ఇంజిను, రెండు గొంతుల కార్బురేటర్, మాన్యువల్ గేర్లు. ఇప్పుడున్నది ఒకే పైపు. సైలెన్సర్ డబ్బా చిల్లులు పడిపోయింది. రెండు పైపులు వేయించాలని ఉంది. పొడవాటి హెడర్లు (సిలిండరుకో గొట్టం చొప్పున పొగను బయటికి తెచ్చేవి), 3 అంగుళాల పైపులు వేస్తే బండి ఎగిరిపోతుందని మెకానిక్ గారు అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: 3 అంగుళాలు వద్దండీ. మీ ఇంజినుకు ఫోర్డ్ చెప్పిన బలం 200 హార్స్‌పవర్. అది కూడా సైలెన్సర్, ఫ్యాను లాంటివి తగిలించకుండా కొలిచిన ఆనాటి లెక్క. ఇంత ఇంజినుకు ఒక్కో వైపు 2¼ అంగుళాల పైపు, అంటే బయటి కొలత 57 మిల్లీమీటర్లు, నిండుగా సరిపోతుంది. 1.6 మిల్లీమీటర్ల మందం లెక్కన చూస్తే, అలాంటి రెండు పైపుల లోపలి వైశాల్యం ఒక 3 అంగుళాల పైపు కంటే కొంచెం ఎక్కువే వస్తుంది. అంతకు మించి లావు పైపు వేస్తే పొగ వేగం పడిపోతుంది, కింది స్పీడుల్లో లాగుడు తగ్గుతుంది. వెనక ఇరుసు పైనుంచి పైపు తిప్పడానికి చోటూ చాలదు.

పొడవాటి హెడర్లూ మీ వాడకానికి నప్పవు. ఈ బండిలో ఎడమ వైపు స్టీరింగ్ బాక్సు, క్లచ్ అడ్డ కడ్డీ ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉంటాయి. వాటి మధ్యనుంచి నాలుగు గొట్టాలు కిందికి దిగితే అవే బండికి అన్నిటికన్నా కిందనుండే భాగం అవుతాయి. మన స్పీడు బ్రేకర్లు మొదట కొట్టేది వాటినే. ఇదే ఇంజినులో 271 హార్స్‌పవర్ రకానికి ఫోర్డే గాలి బాగా ఆడే పోత ఇనుప మేనిఫోల్డులు (సిలిండర్ల పొగను ఒకచోట చేర్చి పైపుకి అందించేవి) పెట్టింది. వాటి నకళ్లు ఇప్పుడు కొత్తగా దొరుకుతున్నాయి. మా సలహా అవే. మందమైన పోత ఇనుము కాబట్టి ఉప్పుగాలికి పైన చిలుము పట్టినా చిల్లు పడదు, గాస్కెట్ దగ్గర లీకులు తక్కువ, చూపుకి బండి పాతదిగానే ఉంటుంది. హెడర్లే కావాలనుకుంటే ట్రై-వై రకం తీసుకోండి. వాటిలో నాలుగు గొట్టాలు రెండుగా, ఆ రెండు ఒకటిగా కలుస్తాయి. 1965 షెల్బీ జీటీ350కి పెట్టినవి అలాంటివే. పైన సిరామిక్ పూత తప్పనిసరి. గుడ్డ పట్టీ మాత్రం చుట్టించకండి, అది తేమను పట్టి ఉంచి లోపల గొట్టాన్ని తినేస్తుంది.

ఇక పని వరస. పాత బోల్టులకు రెండు మూడు రోజుల ముందునుంచీ తుప్పు వదిలించే నూనె పట్టించండి. ఇంజిను కొద్దిగా వేడిగా ఉన్నప్పుడు, ఒక్కసారిగా బలం పెట్టకుండా కాస్త బిగించి కాస్త వదులుతూ తీయాలి. తల విరిగితే మిగిలిన ముక్కకు నట్టు వెల్డు చేసి తిప్పడం మొదటి ఉపాయం, డ్రిల్లు ఆఖరిది.

ఇక్కడే ఆటోనగర్‌లో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఇంజిను హెడ్డులో (సిలిండర్ల పైనుండే దిమ్మలో) మరలు 3/8 అంగుళం, అంగుళానికి 16 చుట్లు. మన షాపుల్లో చేతికందేది ఎం10 బోల్టు. చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ ఎం10 లావు 10 మిల్లీమీటర్లు, దీని లావు 9.5. చుట్ల దూరం కూడా 1.5కి బదులు 1.59. మొదటి రెండు చుట్లు బిగువుగా ఎక్కుతుంది, తర్వాత పానా మీద బలం పెడితే హెడ్డులోని మరలు చెక్కుకుపోతాయి. బోల్టు చేత్తో చివరిదాకా తిరగకపోతే అది ఆ రంధ్రానికి చెందినది కాదు. పాత బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్లి, పక్కపక్కన పెట్టి చూసి కొనండి.

కొత్త మేనిఫోల్డు ముఖం మీద ఉక్కు బద్ద ఆనించి ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్నని రేకులతో) చూడండి. సందు 0.25 మిల్లీమీటర్లు దాటితే గ్రైండింగ్ చేయించాకే ఎక్కించాలి. మరలకు రాగి గ్రీజు రాసి, మధ్య నుంచి చివరలకు, 25 నుంచి 32 న్యూటన్ మీటర్ల వరకు బిగించండి. రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి, చల్లగా ఉన్నప్పుడే. ఈ రెండో బిగింపు మరచిపోవడం వల్లే సగం గాస్కెట్లు కాలిపోతాయి.

ఇంకొకటి. మీ బండిలో చల్లని స్టార్టుకు పెట్రోలు మిశ్రమాన్ని చిక్కబరిచే ఆటోమేటిక్ చోక్‌కు వేడిగాలి కుడి మేనిఫోల్డు నుంచి చిన్న గొట్టం ద్వారా అందుతుంది. హెడర్లు వేస్తే ఆ ఏర్పాటు పోతుంది. చోక్ తెరుచుకోక నల్లపొగ వస్తుంది, జనం కార్బురేటర్‌ను తిడతారు. హెడర్లతో పాటే కరెంటు చోక్ కొనండి.

పైపులకు సుమారుగా 4 మీటర్ల నిటారు గొట్టం, మాండ్రెల్ (పైపు లోపల ఉంచే అచ్చు) మీద వంచిన 90 డిగ్రీల వంపులు 8, 45 డిగ్రీలవి 6 పడతాయి. ప్రెస్సు మీద వంచితే వంపు దగ్గర పైపు నొక్కుకుపోతుంది, 57 కొన్నా అక్కడ 50 కూడా మిగలదు. కొలతలు బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగానే తీయాలి. జాకీ మీద ఎత్తితే వెనక ఇరుసు వేలాడుతుంది. అప్పుడు అమర్చిన పైపు, బండి కిందికి దించగానే ఇరుసుకు కొట్టుకుంటుంది. అతుకుకు మూడేసి వెల్డింగ్ చుక్కలతో నిలబెట్టి, బయటికి తీసి పూర్తి వెల్డింగ్ చేయించండి. పెట్రోలు ట్యాంకు దగ్గర బండి మీదే వెల్డింగ్‌కు ఒప్పుకోవద్దు.

వేడికి పైపు సాగుతుందని కూడా గుర్తుంచుకోండి. 3 మీటర్ల మామూలు ఉక్కు పైపు 300 డిగ్రీలు వేడెక్కితే 11 మిల్లీమీటర్లు, స్టెయిన్‌లెస్ అయితే 15 పెరుగుతుంది. వేలాడదీసేవి రబ్బరువే ఉండాలి, చుట్టూ 20 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి.

చివరగా కార్బురేటర్. పొగ సులువుగా పోతే పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడుతుంది, అంటే పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న, 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు దాన్ని ఇంకో 7, 8 శాతం పలచన చేస్తుంది. మెయిన్ జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే రంధ్రాల బిరడాలు) రెండు సైజులు పెంచి, ఓ 50 కిలోమీటర్లు తిప్పి ప్లగ్గులు తీసి చూడండి. లేత గోధుమ రంగు సరైనది. తెల్లగా కాలితే ఇంకొక సైజు పెంచాలి.

ప్రశ్న: మైల్డ్ స్టీలు (మామూలు ఉక్కు) సైలెన్సర్ డబ్బాలు వేయించి రెండేళ్లు కాలేదు, అడుగు ఊడిపోయింది. బండి వారానికోసారి బీచ్ రోడ్డు మీద ఒక చుట్టు తప్ప బయటికే రాదు. ఇంత తక్కువ వాడితే ఎందుకు పాడైంది? – లాసన్స్ బే కాలనీ

జవాబు: తక్కువ వాడడం వల్లే. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దూరం పోతే డబ్బా కాగి ఆ ఆవిరి వెళ్లిపోతుంది. పది నిమిషాల చుట్టుకు డబ్బా కాగేలోపే మీరు ఇంటికి వచ్చేస్తారు, నీరంతా అడుగున నిలుస్తుంది. దానికి మండిన వాయువుల ఆమ్లం తోడు. కాబట్టి మీ డబ్బా లోపలినుంచి తుప్పు పట్టింది, సముద్రం బయటినుంచి సాయం చేసింది.

కొత్తవి 304 రకం స్టెయిన్‌లెస్‌లో చేయించండి. అయస్కాంతం పెట్టి చూడండి: గట్టిగా అతుక్కుంటే అది 304 కాదు, చౌకైన 409 కావచ్చు. 409 వీధిలో బాగానే నిలుస్తుంది కానీ సముద్రం పక్కన గోధుమరంగు చిలుము త్వరగా పడుతుంది. 304 అతుకులకు టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ వాయువు రక్షణలో చేసేది), 308ఎల్ రకం వెల్డింగ్ కడ్డీ వాడాలి. మైల్డ్ స్టీలు ఫ్లాంజికి కలిపేచోట 309ఎల్. వెల్డు చేసేటప్పుడు పైపు లోపల కూడా ఆర్గాన్ నింపమనండి. నింపకపోతే అతుకు లోపలి వైపు నల్లగా, పంచదార పలుకుల్లా పొక్కుతుంది. తర్వాత బీటలు మొదలయ్యేది అక్కడే. డబ్బాలో అన్నిటికన్నా పల్లమైన చోట 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పెట్టించండి, నీరు కారిపోతుంది. వారానికి ఒకసారే తీసినా భీమిలి దాకా వెళ్లి రండి, కనీసం అరగంట ఆగకుండా నడవాలి. ఇంటికొచ్చి చల్లారాక కింద మంచినీళ్లతో కడగండి. 304కైనా ఉప్పు పేరుకుంటే సన్నని గుంటలు పడతాయి.

ప్రశ్న: ఆనందపురం–అనకాపల్లి రోడ్డు మీద 80లో వెళ్తుంటే కారు లోపల చెవులు మూసుకుపోయేంత హోరు. 70లో లేదు, 95లో లేదు. టాకోమీటర్ ఇంజినుకు నిమిషానికి 1,800 చుట్లు చూపిస్తుంది. వీ8, రెండు పైపులు, విడివిడిగా వెనకదాకా. – మర్రిపాలెం

జవాబు: మొదట ఒక అట్టముక్క తీసుకుని పైపు పొడుగునా జరపండి. ఎక్కడైనా బాడీకి తగిలి అట్ట ఆగితే సగం హోరు అక్కడిదే.

తర్వాత, ఆ రెండు పైపుల్నీ ఎక్కడా కలపకపోవడం లోపం. గేర్‌బాక్సు దగ్గర అదే లావు పైపుతో అడ్డంగా కలపండి. చోటు తెలుసుకోవడానికి మామూలు పెయింటుతో పైపు పొడుగునా గీత గీసి ఇంజిను గట్టిగా నడపండి. రంగు మాడడం ఎక్కడ ఆగిందో అక్కడ కలపాలి. ఇంగ్లిషు హెచ్ ఆకారంలో కలిపితే గొంతు లోతుగా ఉంటుంది. ఎక్స్ ఆకారంలో కలిపితే శబ్దం నునుపెక్కి కాస్త సన్నబడుతుంది. పాత బండికి మా ఓటు హెచ్‌కే.

అప్పటికీ మిగిలితే చివర మూసిన కొమ్మ గొట్టం పెట్టించండి. లెక్క ఇదీ: 1,800ను 60తో భాగిస్తే సెకనుకు 30 చుట్లు, చుట్టుకు 4 పేలుళ్లు, అంటే 120 హెర్ట్జ్. ఆ అలలో నాలుగో వంతు పొడవు గొట్టం ఆ ఒక్క శబ్దాన్ని మింగేస్తుంది. గొట్టంలోని పొగ వేడిని బట్టి శబ్దవేగం సెకనుకు 390 నుంచి 460 మీటర్లు. కాబట్టి పొడవు 80 నుంచి 95 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. 95తో మొదలుపెట్టి, మూతను క్లాంపుతో బిగించి, రోడ్డు మీద చూసుకుంటూ 2 సెంటీమీటర్ల చొప్పున కోయండి. సరైన కొలత దొరికాకే వెల్డు. ఒక్కో పైపుకి ఒకటి చొప్పున రెండు కావాలి.

ప్రశ్న: మా పాత మస్టాంగ్‌లో వెనక కూర్చున్న పిల్లలకు తలనొప్పి వస్తోంది. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మంటుంది, వేడెక్కాక పోతుంది. పైపులు ఇరుసు ముందే కిందికి వంచి వదిలేశారు. – గాజువాక

జవాబు: ఇది సరయ్యేదాకా పిల్లల్ని ఆ బండి ఎక్కించకండి. తలనొప్పి కార్బన్ మోనాక్సైడ్ గుర్తు. దానికి వాసన ఉండదు, మీకొచ్చేది పెట్రోలు పొగ వాసన మాత్రమే. కిటికీలు తెరిస్తే చాలనుకోవద్దు, నడిచే బండి వెనక గాలి పల్చబడి ఆ పొగనే లోపలికి లాగుతుంది.

టిక్ టిక్ మేనిఫోల్డు లీకుది. చల్లగా ఉన్నప్పుడు సందు, వేడికి ఇనుము సాగి మూసుకుంటుంది. వేడెక్కాకా ఆగని టిక్ అయితే వాల్వుల వైపు చూడాలి. లీకు పట్టుకోవడానికి వాక్యూం క్లీనర్ గాలి వదిలే వైపు గొట్టాన్ని వెనక పైపులో గుడ్డతో బిగించి, ఆపిన చల్లని ఇంజిను మీద సబ్బునీళ్లు చల్లండి. బుడగ లేచినచోటే లీకు.

పైపుల్ని తప్పనిసరిగా వెనక బంపర్ అంచు దాటించండి. మీ కారులో పెట్రోలు ట్యాంకు పై ముఖమే డిక్కీ నేల. ట్యాంకు అంచు చుట్టూ ఉన్న సీలు ఎండిపోతే పొగకు అదే తలుపు. ట్యాంకు దించి, కొత్త బ్యూటైల్ పట్టీ వేసి ఎక్కించండి. డిక్కీ మూత రబ్బరు, వెనక దీపాల గాస్కెట్లు కూడా మార్చండి. తర్వాత బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక సీట్లో పెట్టి, అరగంట నడిపి చూశాకే పిల్లలు.

ప్రశ్న: నా కాంటెస్సా 1.8 పెట్రోలుకు ఏ సైలెన్సర్ వేస్తే వీ8లా పలుకుతుంది? – కంచరపాలెం

జవాబు: ఏదీ పలికించలేదండీ. మీ నాలుగు సిలిండర్లు 180 డిగ్రీలకు ఒకటి చొప్పున సమంగా పేలతాయి. 289 వీ8లో పేలే వరస 1-5-4-2-6-3-7-8. 1 నుంచి 4 కుడివైపు, 5 నుంచి 8 ఎడమవైపు. కుడి పైపులో 1 తర్వాత 180 డిగ్రీలకు 4, వెంటనే 90కే 2, మళ్లీ 180కి 3, ఆపైన 270 డిగ్రీల విరామం. గుడగుడ ఆ ఎగుడుదిగుడు నడకలో ఉంది, డబ్బాలో లేదు. మీ ఇసుజు ఇంజినుకు 45 మిల్లీమీటర్ల పైపు, మంచి స్టెయిన్‌లెస్ డబ్బా వేయించండి. దాని సొంత గొంతు శుభ్రంగా వినిపిస్తుంది.

ప్రశ్న: 1969 బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించాలి. ఎగ్జాస్ట్ మారిస్తే ఇబ్బందా? – సీతమ్మధార

జవాబు: 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజినుల్లో మార్పులేకుండా అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ గుర్తుగా వీఏ అక్షరాలున్న వరస నంబరు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతులకే. కాబట్టి కోతలు లేకుండా బోల్టులతో ఎక్కి దిగే భాగాలే వాడండి. పాత మేనిఫోల్డులు, బోల్టులతో సహా నూనె రాసి అట్టపెట్టెలో దాచండి. సైలెన్సర్ డబ్బాలు తీసేసి మాత్రం రోడ్డెక్కకండి. మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు మూడు నెలలు పోతుంది. స్టీరింగ్ ఎడమవైపు ఉంటే మలుపు దీపాలు పనిచేస్తూ ఉండాలి, అదే చట్టంలోని 120వ సెక్షన్ అడిగేది అదే.