డ్రాకులా నవలలో కథ చెప్పేది అసలు ఎవరు?

ఒక్కరు కాదు, 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన ఈ రక్తపిశాచి నవల మొత్తం జొనాథన్ హార్కర్, మీనా, డాక్టర్ సీవర్డ్ లాంటి చాలామంది డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపర్ కటింగులే. ఎందుకంటే ఇందులో ఎవరికీ పూర్తి విషయం తెలీదు, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరేలోపే చదివేవాళ్ళకి అర్థమైపోతుంది, భయమంతా ఆ గ్యాప్‌లోనే ఉంది.

ఉదాహరణకి డ్రాకులా రహస్యంగా ఇంగ్లండ్‌కి వచ్చే డిమీటర్ ఓడ. ఆగస్టులో తుఫానులో విట్బీ రేవుకి కొట్టుకొస్తుంది, కెప్టెన్ చుక్కాని చక్రానికి చేతులు కట్టేసుకుని చచ్చిపోయి ఉంటాడు, ఆ తర్వాతే అతని లాగ్‌బుక్ మనకి చూపిస్తారు, అదేమో జులై 6 నాటి సంగతులతో మొదలు. ఇసుక, మట్టి పెట్టెలు ఎక్కించాం అని మామూలుగా రాసుకుంటాడు, తర్వాత ఓడలో మనుషులు ఒక్కొక్కరే మాయం. ఆ పెట్టెల్లో ఏముందో పాపం ఆయనకి తెలీదు, మనకి తెలుసు (డ్రాకులా అలాంటి మట్టి పెట్టెలో పడుకుని ఉండటం హార్కర్ అతని కోటలో చూసేశాడు కదా).

చాలామంది డ్రాకులానే తన కథ చెప్తాడు అనుకుంటారు, కానీ అతను చెప్పే భాగం ఒక్కటీ లేదు, మొదట్లో హార్కర్‌కి రాసిన చిన్న ఉత్తరం కూడా హార్కర్ డైరీలోనే చదువుతాం. డ్రాకులాని వేటాడే ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్‌వి కూడా కొన్ని ఉత్తరాలు, చివర్లో కాస్త నోట్సు, అంతే.